రాత్రి రెండింటికి చెమటతో మెలకువ: నెలసరి తడబడే వయసులో సాయంత్రాన్ని సర్దుకునే పద్ధతి

మీరు అడిగింది ఇది. వయసు 46, ఊరు దేవరకొండ వైపు. ఏడాదిగా నెలసరి ఒకసారి 25 రోజులకు వస్తే ఇంకోసారి రెండు నెలలకు వస్తోంది. రాత్రి రెండు, మూడు మధ్య మెడా ఛాతీ తడిసిపోయి మెలకువ వస్తోంది, మళ్లీ నిద్ర పట్టడం లేదు. పొద్దున లేస్తే మోకాళ్లు బిగుసుకుంటున్నాయి, చిన్నదానికే కోపం వస్తోంది. రోజుకు నాలుగైదు చాయ్‌లు తాగుతారు, రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు. మందుల జోలికి పోకుండా సాయంత్రం అలవాట్లూ తిండీ మార్చుకుని దీన్ని దాటొచ్చా అని ప్రశ్న.

చాలావరకు దాటొచ్చు అక్కా. కానీ వేటితో ఏం తగ్గుతుందో ముందే తెలుసుకోవాలి. లేకపోతే పది రోజులు చేసి, ఆవిర్లు (ఉన్నట్టుండి ఒంట్లో సెగ పుట్టి చెమట పట్టడం) ఆగలేదని అన్నీ వదిలేస్తారు. 2023లో నార్త్ అమెరికన్ మెనోపాజ్ సొసైటీ హార్మోన్లు లేని ఉపాయాలన్నిటినీ పరిశీలించింది. గది చల్లగా ఉంచుకోవడం, కారం, కాఫీ మానడం, నెమ్మదిగా ఊపిరి తీయడం లాంటివి ఆవిర్ల సంఖ్యను తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదని చెప్పింది. బరువు ఎక్కువున్నవాళ్లు తగ్గడం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే కౌన్సెలింగ్ పద్ధతి మాత్రం పనికొస్తాయని తేల్చింది. మరి సాయంత్రం మార్పులు ఎందుకు? ఆవిరి వచ్చిపోయేది మామూలుగా ఐదు నిమిషాల్లోపే. మిమ్మల్ని పడేస్తున్నది ఆ ఐదు నిమిషాలు కాదు, ఆ తర్వాత పోయే రెండు గంటల నిద్ర. కోపం, మతిమరుపు, తీపి మీద యావ, పొద్దుటి ఒళ్లునొప్పులు చాలామటుకు ఆ పోయిన నిద్ర నుంచే పుడతాయి. ఆ నిద్రను దక్కించుకోవడం మీ చేతిలో ఉంది.

ఒంట్లో జరిగేది ఇదీ. అండాశయాలు సక్రమంగా పనిచేయక ఈస్ట్రోజెన్ ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువగా ఊగుతుంది. ఒంటి వేడిని కాపలా కాసే మెదడు భాగం, హైపోథాలమస్, ఈ ఊగుడుకు బెదురుగొడ్డులా తయారవుతుంది. మామూలప్పుడు పట్టించుకోని కొద్దిపాటి వేడికే ‘ఒళ్లు కాలిపోతోంది’ అని రక్తనాళాలను తెరిచి చెమట పట్టిస్తుంది. అందుకే ముందు సెగ, తర్వాత చెమట, ఆ తర్వాత చలి. మన దేశంలో ముట్లుడిగే సగటు వయసు 46, 47 దగ్గర ఉంది. దానికి నాలుగైదేళ్ల ముందు నుంచే ఈ తడబాటు మొదలవుతుంది. కాబట్టి మీ వయసుకు ఇది వింత కాదు. 45 దాటిన వాళ్లకు దీన్ని నిర్ధారించుకోవడానికి హార్మోన్ పరీక్ష అక్కర్లేదు. అందులో చూసే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ వారం వారం మారుతుంటుంది, ఆ డబ్బు దండగ.

ఆ డబ్బు వేరే మూడు పరీక్షలకు పెట్టండి: థైరాయిడ్ (టీఎస్‌హెచ్), హిమోగ్లోబిన్, షుగర్. థైరాయిడ్ ఎక్కువైనా ఇదే చెమట, ఇదే గుండెదడ, ఇదే నిద్రలేమి. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువే, దానివల్లా దడ, ఆయాసం వస్తాయి. షుగర్‌కు గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు రాత్రి చెమటతో లేస్తే మొదట చూడాల్సింది షుగర్ పడిపోయిందా అని. వణుకు, ఆకలి తోడుంటే అనుమానం ఇంకా ఎక్కువ. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, వారాల తరబడి దగ్గు ఉండి రాత్రి చెమట పడితే టీబీ పరీక్ష చేయించాలి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్లది వేరే దారి. వాళ్లకు ఇదంతా నెమ్మదిగా రాదు, ఒక్కసారిగా వచ్చి పడుతుంది. గర్భసంచి ఆపరేషన్లు బాగా ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదొకటి కాబట్టి చెబుతున్నాను. ముప్ఫైల్లో, నలభై తొలినాళ్లలో ఆ ఆపరేషన్ అయినవాళ్లు కింది సలహాలతో సరిపెట్టుకోకూడదు. ఎముకల కోసం, గుండె కోసం డాక్టర్‌తో హార్మోన్ చికిత్స మాట మాట్లాడి తీరాలి.

ఇక చాయ్. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన చాయ్‌లో సగం రాత్రి పదకొండుకు కూడా ఉంటుంది. ‘నాకు చాయ్ తాగినా నిద్ర పడుతుంది’ అని చాలామంది అంటారు. పట్టడం నిజమే, లోతుగా పట్టదు. ఆవిరి వచ్చినప్పుడు మామూలుగా అటు తిరిగి పడుకోవాల్సిన మనిషి పూర్తిగా లేచి కూర్చుంటుంది. రోజుకు రెండు చాలు, రెండోది మధ్యాహ్నం రెండు గంటల లోపు. అయిదు నుంచి ఒక్కసారిగా రెండుకు దించితే తలనొప్పి పట్టుకుంటుంది. మూడు రోజులకొకటి చొప్పున తగ్గించండి, ముందు మానాల్సింది సాయంత్రం ఆఖరుది. ఆ వేళకు చేయి ఖాళీగా ఉంటే తోచదు, కాబట్టి సల్ల పెట్టుకోండి: అర గ్లాసు పెరుగు, రెండు గ్లాసుల నీళ్లు, చిటికెడు ఉప్పు, జీలకర్ర పొడి, కరివేపాకు. తిన్న వెంటనే చాయ్ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, మధ్యలో గంట ఎడం ఉండాలి.

రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఏడున్నరకు రావాలి. అన్నిటికంటే కష్టమైన మార్పు ఇదే. ఇంట్లో అందరూ తిన్నాక తినడం అలవాటు, పైగా పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో ఇంటికి చేరేదే చీకటి పడ్డాక. అలాంటప్పుడు కూర పొద్దున్నే వండిపెట్టుకుని, రాత్రికి రెండు జొన్నరొట్టెలు మాత్రం కాల్చుకునేలా చూసుకోండి. అదీ కుదరకపోతే మీరొక్కరైనా ముందు తినేయండి, తప్పేం లేదు. కడుపు నిండా తిని గంటలోపు పడుకుంటే అరుగుదల పని వల్ల ఒంటి వేడి దిగదు, పైగా పులితేన్పులు. నిద్ర పట్టాలంటే లోపలి వేడి కొద్దిగా దిగాలి, మీ ఒంటికి ఇప్పుడు కష్టమైన పని అదే.

పళ్లెంలో రెండు జొన్నరొట్టెలు, గిన్నెడు పప్పు లేదా గుడ్డు కూర, ఒక ఆకుకూర, చిన్న గిన్నెడు పెరుగు ఉంటే చాలు. రొట్టె గొంతు దిగదంటే కొర్ర అన్నం. పెద్ద కంచం నిండా తెల్లన్నం, పైన పచ్చిపులుసు మాత్రం ఈ వయసులో రాత్రికి పనికిరాని జత. అన్నానికి షుగర్ గబుక్కున ఎక్కి దిగుతుంది, పులుపుకు గుండెమంట వస్తుంది, అందులో మాంసకృత్తి బుక్కెడు కూడా ఉండదు. పచ్చిమిర్చి తొక్కు మానమని చెప్పను, చెప్పినా మీరు మానరు. దాన్ని మధ్యాహ్నానికి మార్చండి. పాలు తాగే అలవాటుంటే ఎనిమిదింటికే, గోరువెచ్చగా తాగేయండి. పడుకోబోయే ముందు వేడివేడిగా గ్లాసు పాలు తాగితే రెండు నష్టాలు: ఆ వేడికి చెమట, మూడింటికి మూత్రానికి లేవడం. ఎనిమిదిన్నర తర్వాత దూపకు రెండు గుక్కలు చాలు, నీళ్ల లెక్క పగలే పూర్తి చేసుకోవాలి.

కల్లు సంగతి ఎవరూ అడగరు, కానీ నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చాలా ఇళ్లలో సాయంత్రం సీసా మామూలే. ఏ మత్తైనా మొదట జోకొడుతుంది, దిగిపోయేటప్పుడు సరిగ్గా అర్ధరాత్రి దాటాక లేపి కూర్చోబెడుతుంది, కొందరికి ఆవిర్లనూ పెంచుతుంది. చెట్టు కల్లు అప్పుడప్పుడు తాగేవాళ్లకు మానడం తేలికే. డిపో కల్లు రోజూ తాగేవాళ్లు మాత్రం ఒక్కరోజులో మానకండి. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపాం లాంటి మత్తుమందులు కలుపుతున్నట్టు తెలంగాణలో పదేపదే కేసుల్లో బయటపడింది. వాటికి అలవాటైన ఒంటికి అవి హఠాత్తుగా అందకపోతే వణుకు, చెమట, పిచ్చిచూపులు, ఫిట్స్ కూడా వస్తాయి. అది ముట్లుడిగే చెమట కాదు. ప్రభుత్వాసుపత్రిలో చెప్పి, వాళ్లిచ్చే మందుతో మెల్లగా దిగాలి.

పడుకునే చోటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఎండలకు ఇది ఎక్కువ లెక్కలోకి వస్తుంది. స్లాబు ఇల్లు పగలంతా ఎండ తాగి రాత్రి పదకొండు దాకా కక్కుతూనే ఉంటుంది. ఎండాకాలం ముందు స్లాబు పైన తెల్ల సున్నం రెండు పూతలు వేస్తే లోపల తేడా తెలుస్తుంది. మంచం పడమటి గోడకు ఆనించి వేయొద్దు. స్పాంజి పరుపు ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. నులక మంచం మీదో నవారు మంచం మీదో పల్చటి బొంత పరుచుకోవడం దానికంటే మేలు. పాలిస్టర్ నైటీ కాకుండా పాత నూలు చీర, నూలు నైటీ వాడండి. దిండు పక్కన ఇంకో నూలు జాకెట్టు, తువ్వాలు, చిన్న చెంబుతో నీళ్లు పెట్టుకోండి. రాత్రి బీరువా వెతుక్కుంటే లైటు వేయాలి, లైటు వేస్తే నిద్ర చెదిరిపోతుంది.

కూలర్ దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. మార్చి నుంచి మే దాకా గాలి పొడిగా ఉంటుంది, అప్పుడు కూలర్ బాగా పనిచేస్తుంది, అదీ ఎదురుగా కిటికీ తెరిచి ఉంటేనే. వానలు పడ్డాక గాలిలో తేమ నిండి ఉంటుంది. కిటికీలు బిగించి కూలర్ వేస్తే గది ఆవిరి పెట్టిన ఇడ్లీ పాత్రలా మారుతుంది, చెమట ఆరదు, ఉక్కపోతకు ఇంకా ఎక్కువ మెలకువలు వస్తాయి. జూన్ తర్వాత నీళ్ల పంపు ఆపి ఫ్యాను మాత్రమే తిప్పండి, గాలి కాళ్ల వైపు నుంచి రావాలి.

స్నానం పడుకోవడానికి గంట, గంటన్నర ముందు, గోరువెచ్చటి నీళ్లతో పది నిమిషాలు. చర్మం దగ్గరికి రక్తం వచ్చి, ఆ తర్వాతి గంటలో లోపలి వేడి బయటికి పోతుంది. గోరువెచ్చటి నీళ్లకే ఆవిరి వచ్చేస్తుంటే తొట్టిలో నిలవ ఉన్న నీళ్లతో చేయండి. ఫ్రిజ్ నీళ్లు గుమ్మరించుకోవడం ఆ క్షణానికి హాయి, అంతకుమించి లాభం లేదు.

తొమ్మిది తర్వాత ఒక గంట ఇంటి పనికి, ఇంటి లెక్కలకు తలుపు మూసేయాలి. సీరియల్ చూడండి, కానీ ఏడుపులూ కుట్రలూ ఉన్నది పడుకునే ముందు ఆఖరుగా చూడకండి. ఎనిమిదిన్నరకు ఒక కాగితం మీద రేపటి పనులు, అప్పులు, పిల్లల ఫీజులు, మనసులో ఏది తిరుగుతుంటే అది రాసి మడిచి పెట్టేయండి. రాయడం రాకపోతే పిల్లలతో రాయించండి, లేదా ఫోన్‌లో మాట రికార్డు చేయండి. మూడింటికి లేచినప్పుడు తిరిగేవి సరిగ్గా ఇవే. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి: ముక్కుతో నాలుగు లెక్క పెడుతూ లోపలికి, ఆరు లెక్క పెడుతూ బయటికి, పది నిమిషాలు. నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. తల తిరిగితే బలంగా లాగుతున్నట్టు లెక్క, మెల్లగా తీయండి. దీంతో ఆవిర్లు తగ్గవు, ఆవిరి వచ్చినప్పుడు పుట్టే బుగులు తగ్గుతుంది. గుండె దడదడలాడినా ‘ఏదో అయిపోతోంది’ అనిపించకపోతే నిద్ర త్వరగా తిరిగొస్తుంది.

అయినా మెలకువ వచ్చింది. అప్పుడేం చేయాలి? దుప్పటి తీసేయండి, తడి తువ్వాలుతో మెడ వెనక, మణికట్లు తుడుచుకోండి, గుక్కెడు నీళ్లు, తడిసిన జాకెట్టు మార్పు, మళ్లీ పడుకోవడం. గడియారం చూడొద్దు, ఫోన్ అసలు ముట్టొద్దు. ఇరవై నిమిషాలు గడిచినట్టు అనిపించినా నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకండి. లేచి ఇంకో చోట, మసక వెలుతురులో కూర్చోండి. పూలు కట్టండి, చింతపండు గింజలు తీయండి, ఏదో ఒక విసుగు పని. కళ్లు బరువెక్కాకే మంచం. రాత్రి ఎంత చెడినా పొద్దున లేచే టైము మారకూడదు. మధ్యాహ్నం కునుకు ఇరవై నిమిషాలు, అదీ మూడింటి లోపు. ఈ పద్ధతిలో మొదటి వారం ఇంకా అలసటగా ఉంటుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. మూడో వారం నుంచి మెలకువ వచ్చినా వెంటనే పట్టడం మొదలవుతుంది.

తిండిలో రాత్రి కంటే పగటి లెక్కే ముఖ్యం, ఎందుకంటే ఈ ఏళ్లలో ఎముకలు గట్టిదనం పోగొట్టుకుంటాయి. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం, ముట్లు ఆగాక 1200. తైదలు (రాగులు) వందగ్రాములకు సుమారు 360 మి.గ్రా. ఇస్తాయి. ‘రోజూ తైద అంబలి తాగుతున్నా’ అనేవాళ్ల గ్లాసులో పది గ్రాముల పిండి కూడా ఉండదు, అంటే 36. నలభై గ్రాముల పిండి, అంటే నిండుగా నాలుగు పెద్ద చెంచాలు, పడితే 145 దాకా వస్తుంది. రాత్రి పులియబెడితే ఇంకా బాగా ఒంటికి పడుతుంది. బర్రె పాలు పావు లీటరుకు దాదాపు 300, చిన్న గిన్నెడు పెరుగుకు 180, పొట్టుతో ఉన్న నువ్వులు నిండుగా ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 15 గ్రాములకు 180 పైన. నువ్వులు పొట్టు తీసినవి కొంటే కాల్షియం చాలామటుకు ఆ పొట్టుతోనే పోయినట్టు. మునగాకు మంచిది. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేటు దాన్ని పట్టి ఉంచుతుంది, దాన్ని లెక్కలో వేసుకోకండి.

మాంసకృత్తులు 55 కిలోల మనిషికి రోజుకు 55 గ్రాములు పెట్టుకోండి. రెండు గుడ్లకు 12, యాభై గ్రాముల కందిపప్పుకు 11, మూడు జొన్నరొట్టెలకు 15, గుప్పెడు పల్లీలకు 7, పాలు పెరుగులకు 12. గుడ్లు తినని రోజు 25 గ్రాముల మీల్‌మేకర్ లేదా గిన్నెడు ఉలవల గుగ్గిళ్లు. సోయా తింటే ఆవిర్లు పోతాయని ప్రచారం ఉంది, ఆధారం బలంగా లేదు. మాంసకృత్తి కోసం తినండి, మందని కాదు. అశ్వగంధ పొడి సొంతంగా కొని వాడొద్దు. అది థైరాయిడ్ లెక్కలను మారుస్తుంది, కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి.

మోకాళ్ల బిగువు గురించి. ముట్లుడిగే ముందు కీళ్ల నొప్పులు మామూలే, లేచి తిరిగిన అరగంటలో సడలుతాయి. వేళ్ల కణుపులు వాచి గంటకు పైగా బిగుసుకునే ఉంటే కీళ్లవాతం పరీక్ష చేయించాలి. మీది దేవరకొండ వైపు అన్నారు కాబట్టి ఇంకొకటి చూడాలి: నీళ్లలో ఎక్కువైతే ఎముకలూ కీళ్లూ బిగుసుకునేలా చేసే ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు చుట్టుపక్కల పాత బోర్లలో అది ఎక్కువ. మూడు పనులు చేసి చూడండి: మోకాళ్లు వంచకుండా వంగి కాలి బొటనవేళ్లు ముట్టుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు చాచి మడిచి తల వెనక పెట్టడం. ఇవి చేయలేకపోతే డాక్టర్‌కు ఫ్లోరైడ్ ఊరని చెప్పండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగడానికి వాడుతూ, పప్పుకూ అంబలికీ బోరు నీళ్లు పోసే ఇళ్లు చాలా ఉన్నాయి. వంటకూ అవే నీళ్లు వాడాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే తాగడానికి పనికిరాదు. చాయ్ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, చాయ్ తగ్గించడానికి ఇది రెండో కారణం.

సాయంత్రం పొలం నుంచి నడిచి రావడం వ్యాయామమే, కానీ కాళ్ల బలానికి సరిపోదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, రెండు విడతలు, ఏడింటి లోపు.

మాత్రలు వేసుకునేవాళ్లు ఎడం పాటించాలి. థైరాయిడ్ మాత్ర పొద్దున పరగడుపున. కాల్షియం, ఇనుము దానికి నాలుగు గంటల తర్వాతే, ఆ రెండూ కూడా ఒకే పూట వద్దు. కాల్షియం కార్బొనేట్ తిండితో, ఒక్కసారికి 500 మి.గ్రా. మించకుండా. తిండిలోనే 1000 (ముట్లు ఆగాక 1200) వస్తుంటే మాత్ర అక్కర్లేదు.

ఆసుపత్రికి వెళ్లి తీరాల్సిన సందర్భాలు: గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలకు మించి తడవడం, ఏడు రోజులు దాటి రక్తం పోవడం, 21 రోజుల లోపే మళ్లీ రావడం, కలయిక తర్వాత రక్తం, ఏడాది ఆగాక మళ్లీ ఒక్క చుక్క కనిపించినా. వీటిని ‘వయసు వల్లే’ అని వదిలేయొద్దు. అలాగని మొదటి డాక్టర్ గర్భసంచి తీసేద్దామంటే వెంటనే సరే అనొద్దు. స్కానింగ్, అవసరమైతే లోపలి పొర పరీక్ష చూసి ఇంకో డాక్టర్ మాట కూడా తీసుకోండి. ఏడాది పూర్తిగా ఆగేదాకా గర్భం వచ్చే వీలుంది, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కానివాళ్లు గుర్తుపెట్టుకోవాలి. రెండు వారాలకు పైగా ఏ పనీ ఇష్టం లేకపోతే, బతుకు మీద విరక్తి అనిపిస్తే 14416కి, అంటే టెలీ మానస్‌కు, ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇవన్నీ ఆరు వారాలు చేసినా వారంలో నాలుగు రాత్రులు నిద్ర చెడుతుంటే మందు అడగడానికి సంకోచించొద్దు. ఆవిర్లకు అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోన్ చికిత్సే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డలు కట్టినవాళ్లకు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లకు అది కుదరదు, వాళ్లకు వేరే మాత్రలున్నాయి. 2023 మార్చి 8న రాష్ట్రంలో మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లలో, మంగళవారాల్లో, ఈ సమస్యనూ చూసేలా పెట్టారు. మీ దగ్గరి పీహెచ్‌సీలో నడుస్తోందా అని ఆశా వర్కర్‌ను అడగండి. వెళ్లేటప్పుడు ఒక నోటుబుక్కులో నాలుగు వారాల లెక్క ఉండాలి: నెలసరి తేదీ, రాత్రి మెలకువలు ఎన్ని, ఆఖరి చాయ్ ఎన్నింటికి, భోజనం ఎన్నింటికి. దాంతో పాటు ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల పట్టీలు కూడా సంచిలో వేసుకెళ్లండి.